స్వయముగా వ్రాసిన సాఫ్టువేరును విక్రయించుట



నేను ముప్పది సంవత్సరములు సబురిజిస్ట్రారు కచ్చేరి అరుగుమీద దస్తావేజులు వ్రాసి జీవించినవాడను. పొలములు, ఇండ్లు, మామిడితోటలు నా కలము క్రింద చేతులు మారినవి. సరిహద్దు తప్పు వ్రాసితినని ఒక్కనాడును మాట పడలేదు. అట్టి నేను నా మేనల్లునికి రెండు పంక్తుల రసీదు వ్రాసియిచ్చి, వానికి నష్టము కలిగించితిని. ఆ సంగతి చెప్పుటకే నేడు మీతో మాటలాడుచున్నాను. కంప్యూటరు చదువు చదివిన బిడ్డలు నేడు మన గ్రామములలోను ఉన్నారు. రేపు వారు మీ కడకు ఒక కాగితము తెచ్చి, “దీనిపై సంతకము చేయవచ్చునా?” అని యడుగవచ్చును.

నా మేనల్లుడు ఒక బియ్యపుమిల్లు యజమానికి ధాన్యపు తూకము, తరుగు, రైతుల బాకీలు చూచుకొనుటకు ఒక సాఫ్టువేరు వ్రాసెను. వాడు ఆ మిల్లులో జీతగాడు కాడు. పనికి ఇంత యని మాట్లాడుకొని చేసినాడు. సొమ్ము ముట్టిననాడు యజమాని రసీదు కోరెను. నేను అలవాటు చొప్పున “పై సాఫ్టువేరును సర్వహక్కులతో తమకు విక్రయించితిని” అని వ్రాసితిని. వాడు నన్ను నమ్మి సంతకము చేసెను. ఏడాది తిరుగకమునుపే పొరుగూళ్ల మిల్లులవారు ఇద్దరు అదే సాఫ్టువేరు తమకును కావలెనని వచ్చిరి. మొదటి యజమాని రసీదు చూపి, “అది నాది. నీవు అమ్మరాదు” అనెను.

నా పొరపాటు ఎక్కడ నున్నది? సాఫ్టువేరును నేను పొలమనుకొంటిని. పొలము ఒకరికి అమ్మినచో మరియొకరికి అమ్మ వీలులేదు. సాఫ్టువేరు అట్టిది కాదు. మనము అంగడిలో పంచాంగము కొందుము. ఆ ప్రతి మనదే. కాని దానిని అచ్చువేసి అమ్ముకొను హక్కు మనకు రాదు. సాఫ్టువేరునందును ప్రతి వేరు, స్వామ్యము వేరు. భారతదేశపు గ్రంథస్వామ్య చట్టము 1957వ సంవత్సరమునాటిది. 1984లో దానిని సవరించి కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతులలో చేర్చిరి. కావున ప్రోగ్రాము వ్రాసినవానికి వ్రాసినంతనే స్వామ్యము కలుగును. అది వాని జీవితకాలమును, తదుపరి 60 సంవత్సరములును నిలుచును. రిజిస్ట్రేషను నిర్బంధము కాదు. చేయించుకొనినచో సాక్ష్యముగా ఉపకరించును.

అయితే ఒక మెలిక కలదు. జీతమునకు కుదిరి, ఆ ఉద్యోగపు పనిలో వ్రాసినది, వేరు ఒడంబడిక లేనిచో, యజమానికే చెందును. కనుక పగలు ఉద్యోగము చేయుచు రాత్రి సొంతముగా వ్రాయు పిల్లలు మొదట తమ నియామక పత్రమును చదువుకొనవలెను.

స్వామ్యమును బదిలీ చేయవలెనన్న వ్రాతపూర్వకముగా నుండి, ఇచ్చువాని సంతకము ఉండవలెను. ఏ కృతి, ఏ హక్కులు, ఎంతకాలము, ఏ ప్రాంతము, ఎంత ప్రతిఫలము అను సంగతులు అందు తెలుపవలెను. కాలము వ్రాయనిచో అయిదు సంవత్సరములని, ప్రాంతము వ్రాయనిచో భారతదేశమంతయు నని చట్టము భావించును. నా రసీదులో ఈ రెండును లేవు! మేము సంప్రదించిన న్యాయవాది ఆ కాగితమును చూచి, అయిదేండ్లవరకు దేశములో మరెవ్వరికిని దానిని అమ్మకుండుటయే క్షేమమని చెప్పెను.

నేను వ్రాయవలసినది బదిలీ కాదు, లైసెన్సు. ఇది కౌలువంటిది, కాని ఒకే పొలమును నూరుగురికి ఒకేసారి కౌలుకిచ్చినట్లు దీనిని నూరుగురికి ఈయవచ్చును. “ఈ మిల్లులో వాడుకొనుటకు మాత్రమే అనుమతి, స్వామ్యము వ్రాసినవానిదే” అను ఒక్క వాక్యము చాలియుండెడిది.

మరి మూడు సంగతులు గమనింపుడు. మొదటిది, ఎరువు సొత్తు. పిల్లలు ఇతరులు ఉచితముగా నుంచిన ప్రోగ్రాములను తమదానిలో కలుపుకొందురు. ఉచితమనగా షరతులు లేవని కాదు. జి.పి.ఎల్. అను అనుమతి పత్రము క్రింద నున్నదానిని కలిపి అమ్మినచో, కొన్నవారికి మూలవ్రాతను గూడ అందుబాటులో ఉంచవలెను. రెండవది, పన్ను. సి.డి. మొదలగువానిపై ఎక్కించి అంగడిలో అమ్ము సాఫ్టువేరు సరుకే యని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారికిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును నడచినది. 2017 జూలైలో వస్తు సేవల పన్ను వచ్చినది. దాని క్రింద ఒకరికొరకు సాఫ్టువేరు వ్రాసియిచ్చుట సేవగా ఎంచబడును. మూడవది, బాధ్యత. లెక్క తప్పి మిల్లుకు నష్టము వచ్చినచో ఎవరు భరింపవలెను? ఎంతవరకు? మరమ్మతు ఎన్నాళ్లు ఉచితము? ఇవి ముందే వ్రాసికొననిచో తగవు తప్పదు.

ఇక నా మేనల్లుని మాట. చట్టము వ్రాతను కాపాడును గాని ఆలోచనను కాదు. తూకము, తరుగు లెక్కవేయు ఆలోచన ఎవరి సొత్తును గాదు. అందుచే వాడు పాత ప్రోగ్రాములో ఒక్క పంక్తియైన చూడక, క్రొత్తది మొదటినుండి వ్రాసెను. ఎనిమిది మాసములు పట్టినది. వచ్చిన ఇద్దరిలో ఒకరు వేచియుండిరి. రెండవవారు వేరొకచోట కొనిరి. మా చెల్లెలు నన్ను ఒక్క మాటయు అనలేదు. అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

పెద్దలారా! మీ అనుభవము గొప్పది. కాని పొలము కాగితము చదివిన కంటితోనే ఈ కాగితమును చదువవలదు. సంతకమునకు ముందు, “అమ్ముచున్నది ప్రతియా, స్వామ్యమా?” అని పిల్లలను అడుగుడు. వారు వెంటనే చెప్పలేనిచో కలము మూసి, న్యాయవాది యొద్దకు పంపుడు.