ప్లేగు నేర్పిన పాఠం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)



ఉత్సవ సభలో మహమ్మారి ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చును. డెబ్బదియైదేండ్లుగా ఊరి బిడ్డలను తీర్చిదిద్దిన పాఠశాలకు వారి చదువెంతో ఆరోగ్యమూ అంతే ముఖ్యం. అందుకే ఈ విషయాన్ని ఎన్నుకొన్నాను.

1896లో బొంబాయి రేవులో ప్లేగు తలయెత్తింది. రైలు మార్గాల వెంట, ధాన్యపు బస్తాల వెంట దక్కనుకు దిగివచ్చింది. తరువాతి మూడు దశాబ్దాలలో దేశమంతటా కోటికి పైగా ప్రజలను బలిగొన్నది. ఆనాడు మన బళ్లారి జిల్లా మదరాసు రాజధానిలో ఉండేది. కంప్లి దగ్గర తుంగభద్ర దాటితే నిజాం రాజ్యం. మనుషులు గీసిన ఈ ఎల్లలు ఎలుకలకు తెలియవు గదా!

1897లో ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసింది. ఇండ్లను సోదా చేయుటకు, రోగులను వేరుచేయుటకు, ప్రయాణికులను ఆపుటకు అధికారులకు హక్కు లభించింది. మదరాసు రాజధానిలో ప్లేగు ప్రాంతాలనుండి వచ్చినవారు ‘ప్లేగు పాసుపోర్టు’ చేతబట్టుకొని అధికారులకు కనబడవలసి వచ్చేది. పూనాలో సైనికులే ఇండ్లలో చొరబడ్డారు. ఫలితమేమి? జనం రోగులను దాచిపెట్టారు. దాచిన రోగానికి మందు లేదు.

మన పల్లె ప్రజలకు మాత్రం ఒక ఉపాయం తెలుసు. ఇంట్లో ఎలుకలు చచ్చిపడితే ఊరు విడిచి పొలాలలో గుడిసెలు వేసుకొనేవారు. 1898లో కరాచీలో సిమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు, 1905 తరువాత బొంబాయిలో పరిశోధకుల సంఘం, ఎలుకల మీది గోమార్ల వంటి చిన్న పురుగులే ప్లేగును మోస్తాయని నిరూపించారు. శాస్త్రం కారణం చెప్పకముందే అనుభవం దారి చూపింది.

ఇదే ప్లేగు ఇంగ్లండునూ తాకింది. 1910లో సఫోక్ ప్రాంతంలోని ఫ్రెస్టన్ గ్రామంలో నలుగురు మరణించారు. అంటువ్యాధి సోకితే వైద్యుడు వెంటనే తెలుపవలెనన్న చట్టం అక్కడ 1889 నుండే ఉండేది. స్థానిక సంస్థలకు స్వంత ఆరోగ్యాధికారులుండేవారు. పరిసరాల ఎలుకలను పట్టి పరీక్షించగా వాటిలోనూ ప్లేగు కనబడింది. వ్యాధి అక్కడ పెద్దగా ప్రాకలేదు. చలిదేశపు వాతావరణమూ కొంత తోడ్పడి ఉండవచ్చును. అయినా రోగి తలుపు తట్టినవాడు తుపాకి పట్టిన సైనికుడు కాడు, ఊరెరిగిన వైద్యుడు. ఆ తేడా చిన్నది కాదు.

మన మదరాసు రాజధానిలో 1939లో ప్రజారోగ్య చట్టం వచ్చి, స్థానిక సంస్థలకు ఆ బాధ్యత నిచ్చింది. చట్టం కాగితం మీద ఉంటే చాలదని 1994లో సూరతు నగరం చాటిచెప్పింది. ప్లేగు వార్తకు లక్షలాది ప్రజలు ఊరు విడిచారు. 1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు అధికారులను ప్రతిదినం వీధులలోకి నడిపించారు. కొద్దికాలంలోనే ఆ నగరం దేశంలోని శుభ్రమైన నగరాలలో ఒకటిగా పేరు పొందింది.

వరి, చెరకు పండే మన సీమలో ధాన్యమున్నచోట ఎలుకలుంటాయి. కాలువలున్నచోట దోమలుంటాయి. అందుచేత నాదొక విన్నపం. ఈ పాఠశాలలో ఒక ఆరోగ్య పుస్తకం ఉంచండి. ఏ తరగతిలో ఎందరు జ్వరంతో రాలేదో ప్రతిదినం వ్రాయించండి. సంఖ్య పెరిగిననాడే ఆరోగ్య కేంద్రానికి తెలియజేయండి. తల్లిదండ్రులారా, బిడ్డ జబ్బును దాచకండి. పూర్వ విద్యార్థులారా, మంచినీటికి, మరుగుదొడ్లకు మీ చేయూత నివ్వండి.

ఊరి ఆరోగ్యానికి కావలి ఊరివారే. సెలవు.