హోసూరు–కృష్ణగిరి దారి: సరుకు బండి డ్రైవర్ల పని గంటలు

శ్రీనగర్–కన్యాకుమారి 44వ నంబరు జాతీయ రహదారి హోసూరు, శూలగిరి, కృష్ణగిరి మీదుగా సాగుతుంది. కృష్ణగిరి దగ్గర చెన్నై దారి చీలడం వల్ల, హోసూరు సిప్కాట్ పారిశ్రామిక వాడ సరుకూ, కృష్ణగిరి జిల్లా మామిడి గుజ్జూ లారీల మీద రేయింబవళ్ళు కదులుతుంటాయి. నిద్ర చాలని డ్రైవరుకు చూపూ చేయీ మందగిస్తాయి గనుక, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8, వారానికి 48 పని గంటల హద్దు గీసి, 5 గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఉండాలన్నది. బండి ఉన్న చోటును ఉపగ్రహ సంకేతాలతో తెలిపే జీపీఎస్ పరికరం, డ్రైవరు ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుపుతున్నాడో కూడా చూపుతుంది. ఆలస్యాన్ని పట్టుకోవడానికి వాడే ఆ లెక్కతోనే యజమాని విశ్రాంతి కోసం బండిని ఆపించాలి, లోడు దించడానికి గేటు బయట కాచుకున్న గంటలను విశ్రాంతి కింద జమకట్టకూడదు.