నడక తడబాటు వయసు వల్లేనా?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫిజీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. షుగరు, బి.పి.ల గురించి మీరు ఏటా వింటూనే ఉన్నారు. ఈరోజు నేను పోల్చుకోలేకపోయిన ఒక అరుదైన జబ్బు గురించి చెబుతాను. పొరపాటు జరిగింది పరాయివాళ్ల విషయంలో కాదు, మా బావగారి విషయంలోనే.

బావగారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. డెబ్బయ్యో ఏట నడక మారింది. కాళ్లు ఎడంగా పెట్టి, పాదాలు నేలకు అతుక్కున్నట్టు చిన్న చిన్న అడుగులు వేసేవారు. మోకాళ్ల అరుగుదల అని ఎముకల డాక్టరు మందిచ్చారు. కొన్నాళ్లకు మూత్రం ఆపుకోలేకపోవడం మొదలైంది. అది ప్రోస్టేటు అని మరో డాక్టరు అన్నారు. తర్వాత మతిమరుపు. వయసు కదా అన్నది నేనే. నడక చూసి పార్కిన్సన్స్ అనుకుని మాత్రలు కూడా రాశాను. గుణం కనబడకపోతే మోతాదు పెంచాను. అలా రెండేళ్లు గడిచాయి.

ఒకరోజు మా అక్క అడిగింది: "ఒరేయ్ తమ్ముడూ, పడుకున్నప్పుడు సైకిలు తొక్కినట్టు కాళ్లు బాగానే ఆడిస్తారు. నిలబడితేనే అడుగు పడదు. చేతులు మాత్రం ఎప్పట్లాగే ఊపుతూ నడుస్తారు. ఇదేం జబ్బురా?"

పార్కిన్సన్స్‌లో సాధారణంగా నడిచేటప్పుడు చేతుల ఊపు తగ్గిపోతుంది. ఆ సంగతి పుస్తకంలో చదివినవాణ్ని నేను, కళ్లతో చూసింది మా అక్క.

జబ్బు పేరు నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫలస్. మన మెదడులో రోజుకు సుమారు అర లీటరు నీరు ఊరుతుంది, ఊరినంతా తిరిగి రక్తంలో కలుస్తుంది. అలా కలవడం సరిగా సాగకపోతే మెదడు లోపలి గదులు ఉబ్బుతాయి. అప్పుడు నడక, మూత్రం, జ్ఞాపకశక్తి ఈ మూడూ దెబ్బతింటాయి. తరచుగా ముందు చెడేది నడకే. చిత్రమేమిటంటే, వెన్నులో సూది గుచ్చి కొలిస్తే పీడనం మామూలుగానే ఉంటుంది. కొలంబియా దేశపు బొగొటా నగరంలో సాలమన్ హకీమ్ అనే న్యూరోసర్జన్ 1957లో, ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన 16 ఏళ్ల కుర్రవాడిలో దీన్ని గమనించారు. పరీక్ష కోసం కొంచెం నీరు తీస్తే కుర్రవాడు తేరుకుని మాట్లాడాడు! 1965లో ఆ పరిశీలనలు అమెరికా వైద్య పత్రికలో వచ్చాకనే లోకానికి తెలిసింది.

స్కానింగు ఒక్కటే చాలదు. వయసుతో మెదడు కుంచించుకుపోయినా ఆ గదులు పెద్దవిగానే కనబడతాయి. అందుకని రోగిని నడిపించి అడుగులు లెక్కపెడతారు. వెన్నులోంచి 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి మళ్లీ నడిపిస్తారు. బావగారు ఆ సాయంత్రం వరండా ఆ చివరిదాకా వెళ్లి, ఎవరూ పట్టుకోకుండా వెనక్కి తిరిగారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నీరు తీసినప్పుడు గుణం కనబడకపోయినంత మాత్రాన జబ్బు లేదని తేల్చేయరు, ఇంకా పరీక్షలున్నాయి. చికిత్స ఆపరేషనే. మెదడులోంచి చర్మం కింది నుంచి కడుపులోకి సన్నని గొట్టం వేస్తారు. దాన్ని షంట్ అంటారు. గొట్టం మూసుకుపోవచ్చు, చీము పట్టవచ్చు, మెదడు మీద రక్తం చేరవచ్చు. షంట్ ఉన్నవారు తలకు దెబ్బ తగిలేలా పడితే చిన్నదే కదా అని ఊరుకోకూడదు. నడక బాగుపడినంతగా మతిమరుపు బాగుపడదు. ఆలస్యమైనకొద్దీ ఫలితం తగ్గుతుంది. మా ఇంట్లో ఆ ఆలస్యం నాది.

మతిమరుపు ఉన్న ప్రతివారికీ ఇదే జబ్బని ఆశపడకండి. అల్జీమర్సే చాలా ఎక్కువ. అయితే థైరాయిడు లోపం, బి12 లోపం కూడా మతిమరుపు తెస్తాయి, వాటికి మందులున్నాయి. ఇంట్లో ఎవరికైనా ఈ మూడు లక్షణాలూ ఉంటే, ఏది ఎప్పుడు మొదలైందో ఒకే కాగితం మీద రాసి న్యూరాలజిస్టుకు చూపించండి. మోకాళ్ల డాక్టరుకు మూత్రం సంగతి చెప్పం, ప్రోస్టేటు డాక్టరుకు నడక సంగతి చెప్పం. మూడూ చూసేది ఇంట్లోవాళ్లే.

ఆపరేషనుకు ముందు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకువాళ్లే ఇంటికొచ్చారు. మరుసటి నవంబరులో బావగారు చేతికర్రతో బ్యాంకు మెట్లెక్కారు. కౌంటరు దగ్గర తేదీ ఎంతని అక్కని రెండుసార్లు అడిగారట. సంతకం మాత్రం గుండ్రంగా, హెడ్మాస్టరు సంతకంలాగే పెట్టారు.

భోజనాలయ్యాక నేను ఇక్కడే ఉంటాను. అడగదలచినవారు మొహమాటపడకుండా రండి.