'హ్యాబిట్'కు తెలుగేమిటి?

(దేవాలయ సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ దేశంలో పుట్టి, గిరావీన్ బడులలో చదువుకొని, ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన యువతీయువకులకు శుభాశీస్సులు. ఈ ప్రసంగం ముఖ్యంగా మీ కోసమే.

నిర్వాహకులు నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను ఒక మాట గురించి మాట్లాడతాను. ఆ మాట 'హ్యాబిట్'. దానికి తెలుగేమిటని అడిగితే మీరు తడుముకోకుండా 'అలవాటు' అంటారు. నిఘంటువులూ అదే చెబుతాయి. కాని అమ్మమ్మను, తాతగారిని వెంటబెట్టుకొని వైద్యుని వద్దకు వెళ్లి, వారి మాటలను ఆంగ్లంలో చెప్పవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క సమాధానం చాలదు.

లాటిన్ భాషలో 'హబేరె' అంటే కలిగియుండుట, పట్టియుండుట. దాని నుండి పుట్టిన 'హ్యాబిట్' ఆంగ్లంలో తొలుత వస్త్రధారణకు పేరు. క్రైస్తవ సన్యాసినులు ధరించే ఉడుపును నేటికీ హ్యాబిట్ అనే పిలుస్తారు. తరువాత అది దేహస్థితికి వర్తించింది. మా వైద్యులు స్కాన్ నివేదికలలో రోగి శరీరాకృతిని ఇప్పటికీ 'బాడీ హాబిటస్' అని వ్రాస్తారు. ఆ పిదపనే మనిషి నడవడికి ఆ పేరు స్థిరపడింది. పైన తొడుక్కున్న వస్త్రం క్రమంగా స్వభావమై కూర్చున్నదన్నమాట.

మన 'అలవాటు' వచ్చిన దారి వేరు. పొరపడు నుండి పొరపాటు, ఏర్పడు నుండి ఏర్పాటు, కట్టుబడు నుండి కట్టుబాటు వచ్చినట్లే అలవడు నుండి అలవాటు వచ్చింది. ఆంగ్లేయుడు అలవాటును 'కలిగి' ఉంటాడు. మనకు అది 'అలవడుతుంది'. అందుకే 'నేను అలవాటును కలిగి ఉన్నాను' అని మన ఇళ్లలో ఎవరూ అనరు. 'నాకు అలవాటు' అంటారు, 'అలవాటు పడ్డాను' అంటారు. నాకు చలి, నాకు ఆకలి అన్నట్లే నాకు అలవాటు. ఈ వ్యాకరణం నాకెంతో ఇష్టం. కాని రోగిని ప్రశ్నించేటప్పుడు ఇదే ఒక చిక్కు.

తాతగారికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎన్నాళ్ల నుండి అని వైద్యుడు అడిగాడు. 'నాకది అలవాటేనయ్యా' అన్నారు తాతగారు. మనుమడు దానిని తన హ్యాబిట్ అన్నాడని అనువదించాడు. అది విన్న వైద్యునికి ఏమర్థమవుతుంది? తాతగారి భావం ఏమిటంటే, ఆ ఆయాసం ఎంతో కాలంగా ఉన్నది, దానిని పట్టించుకోవడం మానివేశానని. గుండె బలహీనపడుతున్నదని చెప్పే సూచన ఆ ఒక్క మాట క్రింద మరుగున పడిపోతుంది. ఇటువంటి చోట 'అలవాటే' అన్నదానికి 'చాలా కాలంగా ఉంది, ఓర్చుకుంటున్నారు' అని చెప్పండి.

రెండవది మరింత సున్నితమైనది. 'ఆయనకు అలవాటు ఉంది' అని మన పెద్దలు గొంతు తగ్గించి అంటే, అది మద్యం గురించో పొగాకు గురించో అని మీకు తెలుసు. తెలుగునాట వైద్యులు కూడా 'అలవాట్లేమైనా ఉన్నాయా?' అనే అడుగుతారు. గౌరవంగా అడిగిన ప్రశ్న గనుక గౌరవంగా 'లేవండి' అన్న జవాబు వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాలలో కొందరు స్త్రీలకు అడ్డపొగ ఉండేది. అంటే వెలిగించిన చుట్టను నిప్పు కొన నోటి లోపలికి వచ్చేటట్లు పెట్టుకొని పీల్చడం. దాని వలన అంగిలికి క్యాన్సర్ వస్తుందని 1950లలోనే విశాఖ వైద్యులు వైద్య పత్రికలలో వ్రాశారు. అటువంటి అమ్మమ్మను 'సిగరెట్ అలవాటుందా' అని అడిగితే లేదనే అంటుంది. అది అబద్ధం కాదు. సిగరెట్ ఆమె ఎన్నడూ ముట్టలేదు. కనుక పేరు పెట్టి అడగాలి: చుట్ట, బీడీ, ఖైనీ, జర్దా, నశ్యం.

మద్యం విషయంలో కొలత కూడా ముఖ్యం. 'రెండే పెగ్గులు' అంటారు. ఆస్ట్రేలియాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. మన పెద్ద పెగ్గు 60 మిల్లీలీటర్ల విస్కీ. అందులో దాదాపు 19 గ్రాములు ఉంటుంది. అంటే తాతగారి రెండు ఇక్కడి లెక్కలో ఇంచుమించు నాలుగు. ఇక్కడి 2020 మార్గదర్శకాలు వారానికి 10కి, ఏ ఒక్క రోజైనా 4కు మించవద్దని చెబుతున్నాయి. మూడు రాత్రులలోనే తాతగారు వారం పరిమితిని దాటివేస్తారు.

ఇటువంటి ప్రశ్నలు మనుమల చేత అడిగించడం నాకు సమ్మతం కాదు. మనుమరాలి ఎదుట ఏ తాతగారు నిజం చెబుతారు? 131 450 నంబరుకు ఫోన్ చేస్తే దుబాసీని ఏర్పాటు చేస్తారు. ఈ టెలిఫోన్ సేవ 1973 నుండి ఉన్నది. ఆసుపత్రిలోనైనా, క్లినిక్‌లోనైనా తెలుగు దుబాసీ కావాలని అడగడానికి మొహమాటపడకండి.

ఇక మనకు మరి రెండు మాటలున్నవి: అభ్యాసం, వ్యసనం. బుద్ధిపూర్వకంగా మరల మరల చేసేది అభ్యాసం. భగవద్గీత ఆరవ అధ్యాయంలో చంచలమైన మనస్సును నిలపడానికి శ్రీకృష్ణుడు అభ్యాస వైరాగ్యాలను సాధనాలుగా చెప్పాడు. వ్యసనానికి సంస్కృతంలో ఆపద అనే అర్థం కూడా ఉన్నది. సప్తవ్యసనాలలో వేట, జూదం, మద్యపానంతో పాటు పరుషంగా మాట్లాడడాన్నీ చేర్చారు మన పూర్వులు. (క్లబ్బులలోని పోకీ యంత్రాలను చూసి ఉంటే జూదానికి ఇంకొక అధ్యాయం కేటాయించేవారేమో!) 'బ్యాడ్ హ్యాబిట్' అని పిల్లలను కసరే తల్లిదండ్రులు ఒక్క సంగతి గమనించాలి. గోళ్లు కొరకడం అలవాటు. వేపింగ్‌లోని నికొటిన్‌కు లొంగిపోవడం వ్యసనం; దానికి చికిత్స ఉన్నది, కసురుడుతో అది తగ్గదు.

ఒక అలవాటు 21 రోజులలో కుదురుతుందని మీరు ఫోన్లలో చదివి ఉంటారు. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ వ్రాసిన పుస్తకం నుండి వ్యాపించిన మాట అది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిపై చేసిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. 18 నుండి 254 రోజుల వరకు తేడా కనిపించింది. నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన ఏమీ చెడిపోలేదు కూడా.

ఈ సందర్భంలో మన అయ్యప్ప దీక్ష గురించి చెప్పాలి. 41 రోజులు మద్యాన్ని విడిచిపెట్టడం చిన్న విషయం కాదు. అది అచ్చమైన అభ్యాసం, నేను దానిని మనసారా గౌరవిస్తాను. అయితే ఏళ్ల తరబడి ప్రతిరోజూ ఎక్కువగా త్రాగేవారు మాల వేసుకున్న నాడే హఠాత్తుగా మానివేస్తే ప్రాణాపాయం కలుగవచ్చు. మొదటి రోజే చేతుల వణుకు, చెమటలు మొదలుకావచ్చు. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతిభ్రమ కలుగవచ్చు. చూసినవారు అది దీక్షా నియమభంగ ఫలితమని భయపడతారు, దిష్టి తీస్తారు. కాని అది శరీరం మద్యానికి అలవాటు పడిన ఫలితం. వణుకు మితిమీరినా, ఫిట్స్ వచ్చినా, మాటలో పొంతన లేకపోయినా వెంటనే 000కు ఫోన్ చేయాలి.

కనుక మీ ఇంట్లో అటువంటివారు ఎవరైనా ఈ కార్తికంలో మాల వేసుకోదలిస్తే, రెండు మూడు వారాల ముందే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లండి. మందులతో, విటమిన్ బి1తో, పర్యవేక్షణతో క్షేమంగా మాన్పించవచ్చు. అక్కడ ఎంత త్రాగుతారని అడిగినప్పుడు పెగ్గులలో కాక మిల్లీలీటర్లలో చెప్పండి.