బనియన్ క్లాత్ ఫ్రాకు మన మిషను మీదే
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు మాట్లాడినది)



మా సంఘంలో నలుగురం లోను మీద కుట్టుమిషన్లు తీసుకున్నాం. పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్లతో తీరికుండదు. మూఢం వచ్చిందంటే మిషను మీద గుడ్డ కప్పి కూర్చోవడమే. లోను వాయిదాకి మాత్రం మూఢం లేదు. అందుకని ఈ ఏడాది ఆడపిల్లల బనియన్ క్లాత్ ఫ్రాకులు మొదలుపెట్టాం. ఆ బట్ట మన కాలుమిషను మీద రాదని చాలామంది అంటారు. వస్తుంది.

మనం రోజూ కుట్టే కాటన్ పడుగు, పేకతో నేసింది. బనియన్ క్లాత్ నేసింది కాదు, స్వెట్టరు మాదిరి అల్లింది. అందుకే సాగుతుంది. మామూలు సూది మొన ఆ అల్లిక దారాన్ని తెంపేస్తుంది. కుట్టిన రోజు కనపడదు, నాలుగు ఉతుకులకి కుట్టు పక్కన చిల్లులు పడతాయి. షాపులో బాల్ పాయింట్ సూది అని అడగండి, 11 లేదా 14 నంబరు. దాని మొన గుండ్రంగా ఉండి దారాల సందులోంచి పోతుంది.

కటింగ్ మేము గీయలేదు. కవరులో అచ్చువేసి అమ్మే పేపర్ కటింగ్ తెప్పించుకున్నాం. సైజుల వారీగా ఇలా అమ్మడం 1863లో అమెరికాలో బటరిక్ అనే దర్జీ మొదలుపెట్టాడట. మన ఊళ్లో దర్జీలైతే కటింగ్ పక్కవాళ్లకి చూపించను కూడా చూపించరు!

కవరు మీద ఇంగ్లీషు ఉందని భయపడొద్దు. వెనక ఒక గీత ఉంటుంది. 4 అంగుళాల బట్టను మడిచి దాని మీద పెట్టి లాగితే గీత చివరిదాకా తేలిగ్గా రావాలి. బలవంతాన లాగి వచ్చిందనుకుంటే ఫ్రాకులో పిల్ల తల దూరదు. ఈ కటింగుల్లో వదులు తక్కువ, బట్ట సాగుతుందనే లెక్క మీద గీస్తారు. సైజు వయసుని బట్టి కాదు, ఛాతీ కొలత చూసి తీసుకోవాలి. మా దాంట్లో కుట్టుకి 5/8 అంగుళం కలిపే ఉంది, మనం మళ్లీ కలపకూడదు. అసలు కాగితం కోయకుండా న్యూస్‌పేపరు మీద దించుకుంటే అన్ని సైజులూ మిగులుతాయి. ఒక్క కవరు సంఘమంతటికీ సరిపోతుంది.

బట్టను ముందే ఉతికి ఆరేయాలి, కాటన్ అయితే కుదించుకుపోతుంది. సాగే వైపు ఒంటి చుట్టూ వచ్చేలా పరిచి కోయాలి. బల్ల అంచున వేలాడనివ్వకండి, ఆ బరువుకే సాగిపోతుంది.

ఇక కుట్టు. దారం పాలిస్టర్‌దే వాడాలి. జిగ్‌జాగ్ ఉన్నవాళ్లు సన్న జిగ్‌జాగ్ వేసుకోండి. మన నల్ల మిషనులో అది లేదు కాబట్టి కుట్టు చిన్నది పెట్టి, ముందూ వెనకా చేతులతో బట్టను కొద్దిగా బిగువుగా పట్టి కుట్టాలి. కొద్దిగా అంటే కొద్దిగానే. ఎక్కువ లాగితే అంచు కాల్చిన అప్పడంలా అలలు తేలుతుంది. ఫుట్ ఒత్తిడి కూడా కాస్త వదులు చేసుకోండి. కుట్టాక లాగి చూడాలి, దారం టప్‌మంటే విప్పి మళ్లీ వేయాల్సిందే. మెడ చుట్టు 18 అంగుళాలు ఉంటే పట్టీ పదిహేనున్నర చాలు, అతుక్కి వేరే వదులుకుని, సమంగా సాగదీస్తూ కుట్టాలి. ఈ బట్ట అంచు పీచులు రాదు, ఓవర్‌లాక్ లేదని ఆగక్కర్లేదు.

ధర దగ్గర మాలో మాకే మాట పట్టింపు వచ్చింది. సంతలో రెడీమేడ్ చవగ్గా వస్తుంటే మనకి కూలి ఎవరిస్తారు అని ఇద్దరన్నారు. నిజమే, సంత ధరకి మనం ఇవ్వలేం. మన దగ్గరికి వచ్చేది రెడీమేడ్ కుదరని పిల్లల తల్లులు. పిల్ల బొద్దుగా ఉంటుంది, లేదా బాగా పొడుగు, లేదా నిండు చేతులు కావాలంటారు. వాళ్లు కూలికి బేరమాడరు. బేరమాడేది మన చుట్టాలే. చెల్లెలి కూతురే కదా అని ఊరికే కుట్టిస్తే, మన వాయిదా చెల్లెలు కట్టదు. అందుకని బట్ట ఖర్చు, దారం, కూలి విడివిడిగా చీటీ మీద రాసిస్తున్నాం, చుట్టాలకైనా సరే. మొదట్లో మొహాలు మాడ్చుకున్నారు, ఇప్పుడు చీటీ చూసి డబ్బులిస్తున్నారు.

కటింగ్ కవరు మా సంఘం పెట్టెలో ఉంది. నేర్చుకునేవాళ్లు మా మీటింగు రోజున రండి. ఉతికిన బట్ట, పాత న్యూస్‌పేపర్లు తెచ్చుకోండి, సూదులు మేమిస్తాం.