మురుగు టౌనుది, వాగు మనది

(వాగు ఒడ్డున ఒక దళితవాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీ వాడకొస్తూ వాగు దాటాను. ముక్కు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. మీరు రోజూ పీల్చే గాలికి నేను ముక్కు మూసుకుంటే ఇక్కడ మాట్లాడే హక్కు నాకుండదు.

టౌను ఎగువన ఉంది, ఊరు నడుమన ఉంది, మన వాడ దిగువన ఉంది. పల్లంలో ఇళ్ల జాగాలు ఎవరికిచ్చారో చూడండి. నీరు పల్లమెరుగు అంటారు. మన దేశంలో మురుగు కులమెరుగు!

నీళ్ల కొట్లాట మనకు కొత్త కాదు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వేలమందితో నడిచి చవదార్ చెరువు నీళ్లు తాగారు. 1985లో కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర కుడితి బకెట్లు కడుగుతుంటే వద్దన్నందుకు గొడవైంది. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగలను చంపారు. ఆనాడు బకెట్లు కడిగింది ఒకడు. ఈనాడు టౌనుకు టౌనే మన నీళ్లలో కడుక్కుంటోంది.

చిన్న టౌను మురుగెంతలే అంటారు. ఎండాకాలం వాగులో పారేదంతా ఆ మురుగే కదా! హైదరాబాద్ మురుగు మోసుకుని మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మన వాగు కూడా ఎక్కడో ఏటిలో కలిసేదే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో చెప్పిన లెక్క వినండి: దేశంలో పట్టణాల మురుగు రోజుకు 72,368 మిలియన్ లీటర్లు, శుద్ధి అయ్యేది 20,236. మిగతాదంతా ఎవరి వాగుల్లోకి పోతోంది?

శుద్ధి చేయడం బ్రహ్మవిద్య కాదు. జాలీ పెట్టి చెత్త ఆపాలి. తొట్టిలో మడ్డి పేరనివ్వాలి. తర్వాత గాలి ఊదితే కంటికి కనపడని సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. కరెంటు ఆగితే గాలి ఆగుతుంది, అవి చస్తాయి, మురుగు మురుగులాగే బయటికొస్తుంది. కాబట్టి ప్లాంటు కట్టి రిబ్బన్ కత్తిరిస్తే చాలదు, రోజూ నడపాలి. శుద్ధి కాని మురుగు వాగులో పడితే దాన్ని తినే సూక్ష్మజీవులే నీటిలోని ప్రాణవాయువునంతా లాగేస్తాయి. చేపలు తేలేది అందుకే. ఈ కొలతనే బి.ఓ.డి. అంటారు. మన టౌన్లాంటివి వదిలే నీళ్లలో అది లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని 2017లో నిబంధన పెట్టారు. నీటి కాలుష్యాన్ని ఆపే చట్టం 1974లోనే వచ్చింది.

కరెంటు లేకుండా కూడా శుద్ధి చేయొచ్చు. వరసగా చెరువులు తవ్వి, ఎండకు, పాచికి వదిలేస్తే నీళ్లు తేరుకుంటాయి. ఖర్చు తక్కువ. కానీ భూమి ఎక్కువ కావాలి. ఇక్కడే మోసం! భూమి అనగానే ఆఫీసర్ల చూపు మన డి.ఫారం పట్టాల మీద పడుతుంది. మురుగూ మనకే, దాన్ని బాగుచేసే పేరుతో భూమి పోయేదీ మనకేనా?

ఇంకో మాట. ఆ ప్లాంటులో మడ్డి ఎత్తేదెవరు? పూడిన మ్యాన్‌హోల్‌లోకి దిగేదెవరు? అడగక్కర్లేదు, మీకు తెలుసు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మనిషిని ఏ రక్షణా లేకుండా మురుగులోకి దించడం నేరం. అయినా దించుతూనే ఉన్నారు, లోపలి విషవాయువుకు చస్తూనే ఉన్నారు. చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో 30 లక్షలు చేసింది. ఆ డబ్బు రావాల్సిందే. కానీ మనం అడిగేది శవానికి ధర కాదు, మనిషికి ప్రాణం.

అందుకే మన డిమాండ్లు మూడే. ప్లాంటు కట్టాలి, ఏడాది పొడుగునా నడపాలి, నీటి పరీక్ష లెక్కలు నెలనెలా పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి. మన పట్టా భూములు ముట్టకుండా వేరే జాగా చూడాలి. మురుగులోకి మిషను దిగాలి, మనిషి దిగకూడదు. ఆ మిషను నడిపే ఉద్యోగం పర్మనెంటు కావాలి, అది కులం చూసి అంటగట్టే పని కాకూడదు.

రేపు మునిసిపల్ ఆఫీసుకు వినతిపత్రం ఒక్కటే పట్టుకుపోవద్దు. ఇంటికొక బిందె వాగునీళ్లు ముంచుకురండి. బల్ల మీద పెట్టి ఒకటే అడుగుదాం: అయ్యా, ఒక్క గ్లాసు తాగుతారా?

జై భీమ్!