పిల్లల భయానికి ఆటే మందు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్ఫై ఏళ్ళు పిల్లల వార్డుల్లో నర్సుగా పనిచేసినదాన్ని. సభల్లో మాట్లాడే అలవాటు లేదు. అందుచేత నాకు తెలిసిన ఒక్క సంగతే చెబుతాను. ఆసుపత్రి అంటే పిల్లలకుండే భయం, దానికి ఆట చేసే మేలు.

1949లో తన పరిచారిక కాన్పులో చనిపోగా, ఆ దుఃఖంలో నుంచి నిలోఫర్ రాకుమారి తలపెట్టిన ఆసుపత్రి 1953లో మన రెడ్‌హిల్స్‌లో వెలిసింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తరువాత అటు కొండాపూర్ దాకా ఎన్నో ఆసుపత్రులు, కొత్త కొత్త యంత్రాలు వచ్చాయి. సూదిని చూసిన పిల్లవాడు మాత్రం ఆనాడెలా ఏడ్చాడో ఈనాడూ అలాగే ఏడుస్తున్నాడు.

ఆ భయాన్ని సగం మనమే పెంచుతున్నాం. అన్నం తినకపోతే "డాక్టరుతో సూది వేయిస్తా" అంటాం. సుంతీ రోజున కొత్త బట్టలు తొడిగి, పూలదండ వేసి, "అదిగో సోనేకీ చిడియా!" అని పైకి చూపిస్తాం. పిల్లవాడు చూస్తాడు. పిట్ట ఉండదు, నొప్పి ఉంటుంది.

ఇంతమంది పిల్లల్ని ఓదార్చిన నేనే నా మనుమడి దగ్గర ఆ తప్పు చేశాను. "ఏమీ కాదురా, డాక్టరు ఊరికే చూస్తాడు" అన్నాను. ఆ తరువాత చాలాకాలం ఆసుపత్రి గుమ్మంలో నా చేయి పట్టుకోలేదు. "నానీ అబద్ధం చెబుతుంది" అనేవాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వాడికి ఆరో ఏట టాన్సిల్స్ ఆపరేషన్ చేయాలన్నారు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మా అమ్మాయి, "సెల్‌ఫోన్ చేతిలో పెడదాం అమ్మీ, అన్నీ మరచిపోతాడు" అంది. ఫోను కాసేపు మరిపిస్తుంది, నిజమే. ఏం జరగబోతుందో మాత్రం చెప్పదు. అందుకని మూడు రోజుల ముందు నుంచి ఆట మొదలుపెట్టాం. ఒక గుడ్డబొమ్మ, సూది లేని కొత్త సిరంజి, కట్టు గుడ్డ, ముక్కుకు పెట్టే మాస్కు తెచ్చాం. వాడు డాక్టరు, బొమ్మ రోగి, నేను బొమ్మకు తల్లిని. రెండో రోజు వాడు నన్ను మెల్లగా అడిగాడు: "బొమ్మ నిద్రపోయాక వాళ్ళమ్మీ వెళ్ళిపోతుందా?"

అంతవరకు మేమందరం వాడికి సూది భయమనుకున్నాం. భయం సూది గురించి కాదు, తల్లి గురించి! ఆ మాట బొమ్మ నోట వచ్చిందిగాని, వాడి నోట ఎన్నటికీ వచ్చేది కాదు. డాక్టరుగారిని అడిగి తెలుసుకుని, "లోపలికి నేను రాకూడదు, కళ్ళు తెరిచేసరికి పక్కనే ఉంటాను" అని తల్లి నిజం చెప్పింది. ఆ రోజు వాడు ఏడవలేదని చెప్పను. ఏడ్చాడు. కాని చేయి పట్టుకుని నడిచాడు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. ఆసుపత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ళ పాప ఎలా కుమిలిపోయిందో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో సినిమా తీసి చూపాడు. తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని 1959లో అక్కడి ప్లాట్ కమిటీ సిఫారసు చేసింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో 1955లోనే ఎమ్మా ప్లాంక్ అనే ఆవిడ రోగి పిల్లల ఆటపాటల కోసం ప్రత్యేక విభాగం నడిపింది.

తల్లులకు నాలుగు మాటలు. నొప్పి పుట్టదని చెప్పకండి, "కొంచెం పుడుతుంది, తొందరగా పోతుంది" అనండి. మరీ చిన్నవాళ్ళకు ఆ రోజో ముందురోజో, పెద్దవాళ్ళకు కొన్ని రోజుల ముందుగానో చెప్పండి. డాక్టరుగారు సరేనంటే సూది వేసేటప్పుడు పడుకోబెట్టి అదిమిపెట్టకుండా, ఒళ్ళో కూర్చోబెట్టుకుని హత్తుకోండి. సబ్బు బుడగలు ఊదిస్తే ఊపిరి నిదానిస్తుంది. చంటిబిడ్డకు టీకా వేసేటప్పుడు పాలివ్వండి, నొప్పి తగ్గుతుంది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన సలహాయే.

చివరగా సంఘానికి ఒక విన్నపం. ఈ ఏడాది కొన్ని ఆట సంచులు కుడదాం. సంచికొక గుడ్డబొమ్మ, సూది లేని సిరంజి, కట్టు గుడ్డ, బుడగల సీసా చాలు. పెద్ద ఖర్చేమీ కాదు. అనుమతి తీసుకుని నిలోఫర్‌లోనూ, కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ పిల్లలకిద్దాం. ఆ అద్దాల మేడలు కట్టే కూలీల బిడ్డలకూ భయం ఒక్కటే కదా! మొదటి పది సంచులు నేను కుట్టి ఇస్తాను. మిగతావి ఎవరు కుడతారో ఇక్కడే పేర్లు రాయించండి.